ఎవరి జలుబు

చిన్నపిల్లల బడి, టీచర్ల గది
జనవరి 21

వదినా,

ఇంటికి రాస్తే అన్నయ్య చేతిలో పడుతుందని ఈ ఉత్తరం నీ కళ్లజోళ్ల దుకాణానికి రాస్తున్నాను. మీ ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్యే ఎత్తుతున్నాడు. నిన్న కూడా అంతే. "బతికే ఉంది. పెట్టెయ్" అన్నాడు. దుకాణం పెద్దాయనకి ఫోన్ చేసి అడిగితే, ఆస్పత్రిలో ముఖానికి పెట్టిన ఆక్సిజన్ మాస్కు తీసేశారని, లేచి కూర్చుంటున్నావని చెప్పాడు. ఆ మాట విన్నాక నాలుగు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆ శనివారం మీ ఇంటికి వచ్చేసరికే నాకు జలుబుంది. బస్సు దిగి మీ వీధి మలుపులో నిలబడి ముక్కు చీదుకుని, ఒక మాత్ర మింగి, జేబురుమాలు సంచి అడుక్కి తోసి అప్పుడు మెట్లెక్కాను. నువ్వు తలుపు తీస్తూనే "ఏం పొట్టీ, గొంతు బొంగురుపోయింది?" అన్నావు. పిల్లల మీద అరిచి అరిచి అన్నాను. నలభైమంది పిల్లల ముక్కులు తుడిచే ఉద్యోగం కదా, ఏ రోజు ఏ ముక్కు నాకు ఏం అంటిస్తుందో తెలీదు. కానీ నీకు ఉబ్బసమని, నీకు జలుబంటే మాకందరికీ వచ్చే జలుబు కాదని మీ పెళ్లైన కొత్తలోనే అన్నయ్య చెప్పాడు. పన్నెండేళ్లుగా తెలుసు. తెలిసే వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం నువ్వు కంచాలు పెడుతూ బల్ల అంచు పట్టుకుని ఆగిపోవడం, భుజాలు చెవుల దాకా లేవడం, ఒక్కో మాటకీ మధ్య అంతసేపు పట్టడం నా కళ్లముందే ఉంది. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే అన్నయ్య, లిఫ్టు లేని ఆ ఇంట్లో మూడంతస్తులూ నిన్ను చేతుల మీద మోసుకుని దిగాడు. రెండో అంతస్తు దగ్గర నాకు తుమ్మొచ్చింది. ఆపుకోలేకపోయాను. అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఏం జరిగిందో అప్పుడే అర్థమైపోయింది ఆయనకి.

నీకో కబురు చెబుదామని వచ్చాను. అందుకే జలుబు పేరు చెప్పి ప్రయాణం మానుకోలేకపోయాను. ఇప్పుడా కబురు చెప్పే ముఖం లేదు.

నీ ఆడపడుచు

*

ఇల్లు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

పొట్టీ,

నీ ఉత్తరం దుకాణం పెద్దాయన తన చేత్తో తెచ్చి ఇచ్చాడు, మీ అన్నయ్య పనికి వెళ్లిన వేళ చూసుకుని. డెబ్బై ఏళ్ల మనిషి, మూడంతస్తులెక్కి నాకంటే ఎక్కువ ఆయాసపడ్డాడు.

ఆరు రోజులుంచి ఇంటికి పంపారు. నిద్ర పడుతోంది, మెట్లు మాత్రం ఇంకా దిగడం లేదు. నువ్వు అంతలా కుమిలిపోకు. ఎవరైనా కావాలని చేస్తారా? నేను నిన్ను క్షమించాను. ఇక మనసులోంచి తీసెయ్. మీ అన్నయ్య కోపం సంగతి నీకు తెలుసుగా, ఎండాకాలం వడగళ్లలా పడి కరిగిపోతుంది. కొన్నాళ్లు ఫోన్ చెయ్యకు.

ఏదో కబురు అన్నావు. అదేంటో రాయి.

మీ వదిన

*

చిన్నపిల్లల బడి
ఫిబ్రవరి 27

వదినా,

క్షమించాను అని నువ్వు రాసిన ముక్క చదివి టీచర్ల గదిలో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పెద్ద టీచరమ్మ చూసి ఎవరైనా పోయారా అని అడిగింది. "పోవాల్సిన మనిషి బతికింది, అందుకు" అన్నాను. ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

నువ్వు క్షమించినా నాకు లోపల ఊరట లేదు. చేతులు కడిగి కడిగి వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. బస్సులో చివరి సీటులో కూర్చుంటున్నాను. ఎవరైనా ముసలివాళ్లు పక్కకొస్తే లేచి నిలబడుతున్నాను. ఏ పిల్ల తుమ్మినా నాకు ఆ మెట్లే గుర్తొస్తున్నాయి.

అన్నయ్య పుట్టినరోజుకి కార్డు పంపాను. అన్నయ్య చేతిరాతతో "తీసుకోలేదు" అని రాసి వెనక్కి వచ్చింది. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన చెయ్యి కదా, చూడగానే గుర్తుపట్టాను. ఆ కవరు పారెయ్యలేక పుస్తకంలో పెట్టుకున్నాను.

కబురు సంగతి తర్వాత.

నీ ఆడపడుచు

*

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
మార్చి 15

పొట్టీ,

వారం నుంచి పనిలోకి వస్తున్నాను. పూట పనే. పెద్దాయన నాకు కిటికీ పక్క కుర్చీ ఇచ్చాడు. ఇవాళ ఒకావిడ అద్దాలు తలకిందులుగా పెట్టుకుని అక్షరాలు కనిపించడం లేదని పోట్లాడింది.

కార్డు సంగతి నాకు తెలీదు. విని బాధపడ్డాను. మీ అన్నయ్యతో మాట్లాడతాను, కాస్త వీలు చూసుకోనీ. చేతులకి ఏదైనా నూనె రాసుకో. మరీ అంతలా కడగకు.

ఉంటాను. ఎవరో వచ్చారు.

మీ వదిన

*

చిన్నపిల్లల బడి
ఏప్రిల్ 5

వదినా,

నీ ఉత్తరం నాలుగు ముక్కల్లో అయిపోయింది. నా మీద విసుగొచ్చిందేమో అనుకున్నాను. రావడం న్యాయమే. అయినా ఒక సంగతి నీకు చెప్పక తప్పదు, ఇంకెవరికి చెప్పను?

మా బడి వ్యాను నడిపే ఆయన గురించి నీకు ఒకటి రెండుసార్లు చెప్పాను. పిల్లలు అల్లరి చేస్తే వ్యాను పక్కకి ఆపి, వాళ్లు నోరు మూసేదాకా కళ్లు మూసుకుని కూర్చుంటాడని చెబితే నవ్వావు. ఆయన నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. డిసెంబరులో అడిగాడు. ముప్పై ఎనిమిదేళ్లకి నాకు ఆ మాట వింటే సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ముందు మా అన్నయ్యకి చెప్పాలి అన్నాను. అది చెప్పడానికే జనవరిలో వచ్చాను. భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. ఆ తర్వాత భోజనాలే కాలేదు.

రిజిస్టరు ఆఫీసులో జూన్‌లో తేదీ తీసుకున్నాం. ఇప్పుడు వద్దంటున్నాను. అన్నయ్య తప్ప నాకెవరున్నారు? ఆయన లేకుండా సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాదు. వ్యాను ఆయనతో జరిగిందంతా చెప్పాను. "మా వదినని చంపబోయాను, నాలాంటిదాన్ని ఎందుకు చేసుకుంటారు" అన్నాను. ఆయన "మా అమ్మకి గుండె బలహీనం. నువ్వు మా ఇంటికొచ్చినా ఇలాగే భయపడుతూ బతుకుతావా?" అని అడిగాడు. అవునన్నాను. పదమూడున, సోమవారం వెళ్లి తేదీ రద్దు చేయిస్తాను, నువ్వు వద్దనకపోతే.

అన్నయ్య రానంటాడని నాకు తెలుసు. ఒక్కసారి అడిగి చూడు వదినా. నాకోసం అడగమని అనడానికి కూడా మొహమాటంగానే ఉంది.

నీ ఆడపడుచు

*

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
ఏప్రిల్ 9

పొట్టీ,

సోమవారం ఎక్కడికీ వెళ్లకు. తేదీ అలాగే ఉంచు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నన్ను ఏమైనా అను.

ఆ జలుబు నీది కాదు. నాదే.

నువ్వు శనివారం వచ్చావు. నాకు గురువారం పొద్దున్నుంచే గొంతులో గీర. అంతకు ముందు మంగళవారం దుకాణానికి ఒకాయన వచ్చాడు, చదువుకునే కళ్లజోడు కోసం. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడాలంటే జానెడు దూరంలో ముఖం పెట్టాలి. అలా చూస్తుండగా నా ముఖం మీదే రెండుసార్లు తుమ్మాడు. పాపం, ఎన్నిసార్లు సారీ చెప్పాడో. శుక్రవారానికి ముక్కు దిబ్బడేసింది. శనివారం నువ్వు వచ్చేసరికి నేనూ మాత్ర వేసుకునే తలుపు తీశాను. నీ గొంతు బొంగురుపోయిందేమని అడిగింది, నా గొంతు సంగతి నువ్వు అడగకుండా ఉండాలని. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరికి తెలియకుండా ఒకరం ముక్కులు తుడుచుకున్నాం.

ఎందుకు దాచానంటే, రెండేళ్ల కిందట ఇలాగే ఆస్పత్రి పాలైనప్పుడు మీ అన్నయ్య నాతో మాట తీసుకున్నాడు. "దుకాణం నుంచి ఒక్కసారి జబ్బు ఇంటికొచ్చిందా, ఆ రోజుతో ఉద్యోగం ఆఖరు" అన్నాడు. సరే అన్నాను. నాకు ఆ ఉద్యోగం ఎంత ఇష్టమో నీకు పూర్తిగా తెలీదు. ఇంట్లో నేను జబ్బుమనిషిని. కిటికీ తీస్తే దుమ్మని, మూస్తే గాలి ఆడదని, నన్ను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తాడు మీ అన్నయ్య. దుకాణంలో అలా కాదు. గోడ మీది అక్షరాలు మొదటిసారి స్పష్టంగా కనిపించినవాళ్లు నా వైపు తిరిగి నవ్వుతారే, ఆ నవ్వు కోసం నేను ఎన్ని మెట్లయినా ఎక్కగలను.

ఇంకోటి ఉంది. ఇది ఇంకా సిగ్గుచేటు. ఆయాసం రాకుండా రోజూ పొద్దున, సాయంత్రం పీల్చాల్సిన మందు ఒకటుంది కదా, అది అప్పటికి ఐదు వారాలుగా పీల్చడం మానేశాను. డిసెంబరు మొదట్లో ఒకరోజు దుకాణంలో పీలుస్తుంటే ఒకావిడ చూసి, పెద్దాయన్ని పక్కకి పిలిచి "అంటుకునేదేమైనా ఉందా ఆవిడకి?" అని అడిగింది. ఉబ్బసం అంటుకోదని ఆయన చెప్పాడు. అయినా ఆవిడ నా చేత కళ్లజోడు పెట్టించుకోలేదు. ఆ తర్వాత ఆ డబ్బా దుకాణానికి తీసుకెళ్లలేదు. పొద్దున హడావిడిలో మరిచిపోయేదాన్ని, సాయంత్రం బాగానే ఉంది కదా అనుకునేదాన్ని. తర్వాత ఆ బాగుండటమే అలవాటైంది. ఆ మందు మానకుండా ఉంటే ఆ జలుబు నన్ను మూడంతస్తులు మోయించేది కాదేమో. ఆస్పత్రిలో డాక్టరు "రోజూ పీలుస్తున్నావా?" అని అడిగినప్పుడు మీ అన్నయ్య పక్కనే ఉన్నాడు. తలూపాను.

టాక్సీలో మీ అన్నయ్య "ఇదంతా దాని వల్లే" అంటూనే ఉన్నాడు. నాకు మాట పెగిలేది కాదు. మొదటి రోజు అది నిజం. మూడో రోజు మాస్కు తీసేశారు. అప్పుడు చెప్పగలిగేదాన్నే. మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని "దుకాణం వల్ల కాదులే, అదొక్కటే నయం. నీ పనికేం ఢోకా లేదు" అన్నాడు. ఆ మాట దగ్గర నా నోరు మూతపడిపోయింది.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నిన్ను క్షమించానని రాశాను. రాస్తున్నప్పుడు ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు పొట్టీ. పైగా గొప్ప మనసున్నదాన్నని నాకు నేనే అనుకున్నాను. నీ వేళ్లు పగిలాయని రాస్తే నూనె రాసుకోమన్నాను. ఇవన్నీ రాసింది నేనేనని నమ్మబుద్ధి కావడం లేదు. రాసింది నేనే.

మీ వదిన

*

చిన్నపిల్లల బడి
ఏప్రిల్ 16

వదినా,

నీ ఉత్తరం చదివి వ్యాను ఆయనకిచ్చాను. ఆయన చదివి మడిచి ఇచ్చాడు. నేను చాలా అన్నాను. అవి ఇక్కడ రాయను.

మూడు నెలలు వదినా. నువ్వు చచ్చిపోయినట్టు కలలొచ్చి లేచేదాన్ని. నువ్వు క్షమించావని ఏడ్చానే, ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. నీ ఉద్యోగం నిలవడానికి నన్ను అడ్డం పెట్టుకున్నావు. అడిగి ఉంటే ఆ నింద నేనే నెత్తిన వేసుకునేదాన్ని, అది కూడా ఆలోచించలేదు నువ్వు.

నేను జలుబు దాచింది దాచిందే. అది నీ జలుబుతో చెరిగిపోదు. కానీ నాకు చెబితే సరిపోదు. అన్నయ్యకి చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

తేదీ రద్దు చేయించలేదు.

*

ఇల్లు, మూడో అంతస్తు
మే 4

పొట్టీ,

చెప్పాను. ఎలా జరిగిందో దాచకుండా రాస్తాను.

మొన్న ఆదివారం పొద్దున మీ అన్నయ్య బల్ల మీద ఫ్యాను విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని "జనవరిలో నాకొచ్చిన జలుబు మీ చెల్లెలిది కాదు" అన్నాను. స్క్రూ తిప్పుతూనే "మరెవరిది?" అన్నాడు.

"దుకాణంలో అంటింది. పొట్టి రాకముందే నాకు రెండు రోజుల నుంచి ఉంది."

"ఆస్పత్రిలో ఉన్నప్పుడే తెలుసా?"

"తెలుసు."

స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. మందు మానేసిన సంగతి కూడా చెప్పాను. ఒక్క ముక్క మిగల్చలేదు. విని, "నేను దాన్ని ఏమన్నానో నీకు తెలుసా?" అని అడిగాడు. తెలీదన్నాను. "ఆస్పత్రి వరండాలో అందరి ముందూ నువ్వు మనిషివేనా అని అడిగాను. వర్షం పడుతోంది. గొడుగు కూడా లేకుండా వెళ్లిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను" అన్నాడు. నువ్వు నాకు ఆ మాట ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు.

చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాడు. "మాట ప్రకారం ఉద్యోగం మానేస్తాను" అన్నాను. "నేను మానమన్నానా? అది కూడా నా నెత్తిన పెట్టకు" అన్నాడు. కాసేపయ్యాక ఫ్యాను రెక్కలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు: "నాకు జలుబు చేసింది అని చెప్పడానికి కూడా నువ్వు భయపడేలా ఉన్నానా నేను?"

దానికి నా దగ్గర జవాబుంది. ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. ఆయనకి అర్థమైందనుకుంటాను. ఫ్యాను మళ్లీ బిగించలేదు. ముక్కలన్నీ అలాగే బల్ల మీద ఉన్నాయి. భోజనాలు కిటికీ గట్టు మీద పెట్టుకుని తింటున్నాం.

నీ పెళ్లి కబురు కూడా చెప్పాను. నీకు ఫోన్ చెయ్యాలని ఉంది ఆయనకి. ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, ఎత్తడు.

మందు రెండు పూటలా పీలుస్తున్నాను. దుకాణంలో, అందరి ముందే. మొదటిరోజు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ చూడనే లేదు.

మీ వదిన

*

చిన్నపిల్లల బడి
మే 18

వదినా,

అన్నయ్య వచ్చాడు. ఫోన్ చెయ్యలేదు, మనిషే వచ్చాడు. వేసవి తరగతులు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గేటు కిర్రుమంటోందని సంచిలోంచి సామాను తీసి, పిల్లలందరూ చుట్టూ మూగి చూస్తుంటే మడతబందు విప్పి, నూనె వేసి బిగించాడు. ఒక పిల్ల వెళ్లి "నువ్వు టీచర్ నాన్నవా?" అని అడిగింది. "అన్నయ్యని" అన్నాడు.

తర్వాత "ఆ వ్యాను ఆయన ఎక్కడ?" అన్నాడు. ఇద్దరూ వ్యాను ముందు సీట్లో కూర్చుని అరగంట ఇంజను గురించి మాట్లాడుకున్నారు. నేను బయట ఎండలో నిలబడ్డాను. దిగాక నా దగ్గరికొచ్చి, నేల చూస్తూ, "వరండాలో అన్న మాట వెనక్కి తీసుకోలేను కదే" అన్నాడు. "తీసుకోలేవు. అయినా భోజనానికి రా" అన్నాను. వచ్చాడు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అదీ దాచినట్టే అవుతుంది. రోజూ కొంచెం తగ్గుతోంది, ఒక్కోరోజు మళ్లీ పెరుగుతోంది. కానీ పెళ్లికి నువ్వు లేకుండా కుదరదు. జూన్ 12, శుక్రవారం పదకొండు గంటలకి. ఆఫీసు గది ఇరుకు, కిటికీ ఒక్కటే, మేమూ, వాళ్లమ్మా, మీరిద్దరూ, అంతే. మూడు సాక్షి సంతకాలు కావాలి. ఒకటి వాళ్లమ్మది. ఇంకొకటి అన్నయ్యది. మూడోది నీది. ఇంకెవరినీ అడగలేదు.

నీ ఆడపడుచు

*

ఇల్లు, మూడో అంతస్తు
జూన్ 12, ఉదయం

పొట్టీ,

ఈ ఉత్తరం మీ అన్నయ్య నీ చేతికిస్తాడు. పక్కన నేను లేకపోవడం చూసే ఉంటావు.

నిన్న సాయంత్రం నుంచి గొంతులో గీర. రాత్రి మందు పీల్చి పడుకున్నాను, పొద్దున లేచేసరికి ముక్కు కారుతోంది. మీ అన్నయ్య స్నానానికి వెళ్లాడు. నీ పెళ్లికని ఇస్త్రీ చేయించిన బట్టలు కుర్చీ మీద ఉన్నాయి. ఒక మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలీదు. సంతకం పెట్టడానికి ఎంతసేపు? మాత్ర చేతిలోకి తీసుకున్నాను. నీకు నిజం చెప్పాలి కదా, నీళ్లు కూడా పోసుకున్నాను.

అప్పుడు ఆ ఇరుకు గది గుర్తొచ్చింది. గుండె బలహీనమైన మీ అత్తగారు గుర్తొచ్చారు. నా పక్క కుర్చీలోనే కదా కూర్చునేది ఆవిడ. స్నానాల గది తలుపు కొట్టి "నాకు జలుబు చేసింది" అని చెప్పాను. తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఏమంటాడోనని ఇప్పటికీ భయమే. తువ్వాలు భుజాన వేసుకుని "ఎప్పటినుంచి?" అన్నాడు. నిన్న సాయంత్రం నుంచి అన్నాను. "మందు?" పీల్చానన్నాను. వేడినీళ్లు పెట్టి ఇచ్చాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఆయాసం వస్తే ఏం చెయ్యాలో నా చేత చదివించాడు. కింది వాటా ఆవిడకి గంటకోసారి వచ్చి చూడమని చెప్పొచ్చాడు.

నా బదులు దుకాణం పెద్దాయన సంతకం పెడతాడు. ఫోన్ చేసి అడిగితే, దుకాణం మూసి మరీ వస్తానన్నాడు.

సిగ్గుగా లేదని రాయాలని ఉంది. కానీ ఉంది. నాలుగు నెలలు నిన్ను ఏడిపించి, తీరా నీ పెళ్లినాడు మంచం మీద కూర్చున్నాను. నువ్వు నన్ను సాక్షిగా పిలిచిన రోజునే రాలేకపోయాను. ఈ రోజు మళ్లీ రాదు. అది నాకు తెలుసు. నీ కోపం మళ్లీ పెరిగితే పెరగనీ.

మీ అన్నయ్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఉత్తరం అయిందా అంటున్నాడు. అయిపోవచ్చింది అన్నాను. జేబు సర్దుకుంటూ అడుగుతున్నాడు:

"అక్కడ నువ్వెందుకు రాలేదని అడిగితే ఏం చెప్పను?"

"జలుబు చేసిందని చెప్పు."

"అంతేనా?"

"అంతే."

మీ వదిన